పక్కింటి గ్రీకు పెద్దావిడ కోసం 38 ఏళ్ల వయసులో గ్రీకు నేర్చుకోవచ్చా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మీరు మెల్‌బోర్న్‌లో ఓక్లీ దగ్గర ఉంటున్నారు. పక్కింట్లో ఎనభై దాటిన గ్రీకు దంపతులు ఉన్నారు, మీ పిల్లలు సగం వాళ్లింట్లోనే పెరుగుతున్నారు. ఆ పెద్దావిడకు ఈ మధ్య మతిమరుపు మొదలై ఇంగ్లీషు మాటలు అందడం లేదు, మాట్లాడుతూ మాట్లాడుతూ గ్రీకులోకి వెళ్లిపోతున్నారు. దగ్గర్లో గ్రీకు సంఘం వాళ్లు వయోజనులకు ప్రతి బుధవారం సాయంత్రం రెండు గంటల క్లాసు పెడుతున్నారు. ఈ వయసులో వస్తుందా, ఎన్నాళ్లు పడుతుంది, క్లాసులో అందరూ గ్రీకు మూలాలవాళ్లే అయితే మనం ఎలా నెగ్గుకొస్తాం అని అడిగారు.

చేరండి, వస్తుంది. నేను మొదలుపెట్టేనాటికి నాకు 41 ఏళ్లు. శ్రద్ధగా చేస్తే ఆరు నెలల్లో పలకరింపులు, తిండి, ఒంట్లో బాగోగులు అడగడం వచ్చేస్తాయి. రెండేళ్లకు ఆవిడ నిదానంగా చెప్పే కబుర్లు ముప్పాతిక అర్థమై, మీరూ తిరిగి జవాబు చెప్పగలుగుతారు. అయితే వారానికి రెండు గంటల క్లాసు ఒక్కటే అక్కడికి చేర్చదు. క్లాసులో మీకు దొరికేది తప్పు దిద్దే మనిషి, ఒక క్రమం, తోటివాళ్ల తోడు. అసలు భాష మీ పక్కింట్లో ఉంది. ఇంకొక్క మాట, ఈ సమాధానమంతా దాని గురించే అనుకోండి: గ్రీకును ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి, తెలుగు మీదుగా నేర్చుకోండి. నేను మొదటి ఏడాదంతా ఈ సంగతి తెలియక కష్టపడ్డాను, మీకు ఆ ఏడాది మిగలాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కర్నూలు. ఇక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. 2015లో ఇలాంటి సాయంత్రం క్లాసులోనే చేరాను, 2018లో ఏ2 (ప్రాథమిక స్థాయి), 2022లో బీ1 (మధ్యస్థాయి) పరీక్షలు ప్యాసయ్యాను. ఇప్పటికీ వార్తలు పూర్తిగా అర్థం కావు, కానీ మా దగ్గరుండే గ్రీకు పెద్దవాళ్లతో రోజూ గ్రీకులోనే మాట్లాడతాను.

నన్ను క్లాసుకు పంపింది ఒక్క మాట. ఒకరోజు రాత్రి డ్యూటీలో 86 ఏళ్ల పెద్దావిడ "నెరో, నెరో" అని ఏడుస్తోంది. నాతో ఉన్న అమ్మాయి అది ఎవరి పేరో అనుకుని, ఫైల్‌లో ఆ పేరుగల బంధువు కోసం వెతుకుతోంది. నా చెవికి మాత్రం అది "నీరు" లాగే వినిపించింది. గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాను, రెండు చేతులతో పట్టుకుని తాగేసింది. గ్రీకులో నీళ్లను నిజంగానే నెరో అంటారు. మన నీరుకూ దానికీ చుట్టరికం లేదు, అది "తాజా నీళ్లు" అనే పాత గ్రీకు మాటలో "తాజా" అనే ముక్క మిగిలి అలా మారింది. చుట్టరికం లేకపోయినా ఆ రాత్రి ఆవిడ దాహం తీరింది. ఆ వారమే క్లాసు ఎక్కడుందో కనుక్కున్నాను.

ఇప్పుడు ఎన్నాళ్లు పడుతుంది అన్నదానికి లెక్క చూద్దాం. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లీషువాళ్లకు గ్రీకు బాగా రావాలంటే సుమారు 1,100 క్లాసు గంటలు, అంటే 44 వారాలు పూర్తికాలం చదువు కావాలని అంచనా వేసింది. తెలుగును కూడా వాళ్లు ఇదే వర్గంలో పెట్టారు. మీ క్లాసు వారానికి 2 గంటలు, టర్ముకు 10 వారాల చొప్పున ఏడాదికి నాలుగు టర్ములు, అంటే 80 గంటలు. ఆ లెక్కన క్లాసు మీదే ఆధారపడితే దాదాపు పద్నాలుగేళ్లు పడుతుంది. కంగారు పడకండి, ఆ 1,100 గంటలు ఆఫీసు పనులు చక్కబెట్టే స్థాయికి, మీకు కావలసింది వంటింటి దగ్గర కూర్చుని మాట్లాడే స్థాయి. దానికి నాకు పట్టింది క్లాసు గంటలు 160, బయట దానికి మూడింతలు. బయట అంటే కారులో, ఇక్కడి బహుభాషా ప్రసార సంస్థ ఎస్‌బీఎస్ గ్రీకు రేడియో, పనిలో పెద్దవాళ్లు, రాత్రి పడుకునేముందు ఇరవై నిమిషాల నోటుపుస్తకం. ఒకేరోజు మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలే నాకు పనికొచ్చాయి.

లిపి గురించి భయం వద్దు. 24 అక్షరాలు. గుణింతాలు, ఒత్తులు నేర్చుకున్న మనకు అది ఒక వారం పని. లెక్కల్లో, ఫిజిక్స్‌లో ఆల్ఫా, థీటా, పై, సిగ్మా ఎలాగూ చూశాం. కాకపోతే బడిలో విన్న పేర్లు పక్కన పెట్టండి, ఇప్పటి గ్రీకులో బీటా కాదు, వీటా. ఇంగ్లీషు హెచ్‌లా కనిపించేది "ఇ", పీలా కనిపించేది "ర", బీలా కనిపించేది "వ". మొదటి నెలలో ఇంగ్లీషు అలవాటుతో చదివి చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. చూసి చదవడం తేలిక, ఎందుకంటే రాసిందానికి పలికేదానికి నియమం తప్పదు. విని రాయడమే కష్టం. ఒక్క "ఇ" ధ్వనికే ఆరు రకాల రాతలున్నాయి. స్పెల్లింగు మీద మొదటి ఏడాది ప్రాణం పెట్టకండి, మీకు కావలసింది నోరూ చెవీ.

కింద గ్రీకు మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, నొక్కి పలకాల్సిన చోట దీర్ఘం పెట్టాను.

ఉచ్చారణలో మనకున్న సౌకర్యం ఇంగ్లీషువాళ్లకు లేదు. మా టీచరు క్లాసులో ఆస్ట్రేలియా వాళ్లచేత త, ప, క పలికించడానికి ఎంతో శ్రమపడేది. వాళ్లు పలికితే గాలి కలిసి థ, ఫ, ఖ లాగా వస్తుంది. గ్రీకు త అచ్చంగా మన "తల"లోని త. ర మన ర లాంటిదే, నాలుక ఒక్కసారి తగిలి వదిలేస్తుంది. అచ్చులు ఐదే, అ, ఎ, ఇ, ఒ, ఉ, అన్నీ మన నోట్లో ఉన్నవే. ఇంకా ముచ్చటైనది, "చాప", "చలి" అనేటప్పుడు మనం పలికే చ ఉంది చూడండి, పాత పుస్తకాల్లో ౘ అని పైన గుర్తు పెట్టి రాసేవారు, "జల్లెడ"లో జ కూడా అలాగే ౙ. ఆ రెండూ గ్రీకులో ఉన్నాయి. టీని వాళ్లు ౘాయ్ అంటారు, పెరుగు, కీరదోసకాయ, వెల్లుల్లి కలిపి చేసేదాన్ని ౙౙీకి అంటారు. నా పక్కన కూర్చున్న ఆయన నెలరోజులు సాధన చేసిన ధ్వనిని నేను మొదటిరోజే పలికితే టీచరు ఆశ్చర్యపోయింది. "చాప" అనే మాట చెప్పి వినిపించాను, ఆవిడ దాన్ని బోర్డు మీద గ్రీకు అక్షరాలతో రాసింది.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. థీటాను మనం "థ" అని పలికేస్తాం, కానీ అది నాలుక పళ్ల మధ్య పెట్టి గాలి వదిలే ధ్వని. ధెల్టా "ద" కాదు, అదే చోట నాలుక పెట్టి గొంతు కలిపే ధ్వని. ఇంగ్లీషు బాగా పలికేవాళ్ల దగ్గర ఈ రెండూ విని అనుకరించండి. ఘామా, హి అనే రెండు అక్షరాలకు మా కర్నూలులో, హైదరాబాదులో ఉర్దూ విన్న చెవి చాలా సాయం చేస్తుంది. "గజల్"లో గ, "ఖుదా"లో ఖ ఉర్దూ తెలిసినవాళ్లు గొంతులోంచి ఎలా పలుకుతారో దాదాపు అలాగే.

మన అసలు సమస్య ఒత్తులు. గ్రీకులో రెండు ల-లు, రెండు స-లు పక్కపక్కన రాస్తారు, పలికేటప్పుడు ఒక్కటే పలుకుతారు. గ్రీసును ఎలాద అంటారు, మనం రాత చూసి "ఎల్లాద" అని ఒత్తేస్తాం. సముద్రం థాలస, థాలస్స కాదు. మీ పక్కింటివాళ్లు సైప్రస్ వాళ్లయితే మాత్రం ఇది తిరగబడుతుంది, వాళ్లు ఒత్తులు చక్కగా పలుకుతారు. కాబట్టి వాళ్లది ఏ ఊరో ముందు కనుక్కోండి. ఆ ప్రశ్న అడిగినందుకు వాళ్లు ఎలాగూ గంటసేపు మాట్లాడతారు.

నొక్కు తప్పితే అర్థం మారిపోతుంది. తెలుగులో హ్రస్వదీర్ఘాలు ఎలాగో గ్రీకులో నొక్కు అలాగ. పోతె అంటే "ఎప్పుడు", పొతే అంటే "ఎప్పటికీ లేదు". నోమొస్ చట్టం, నొమోస్ జిల్లా లాంటి ప్రాంతం. ఆల "ఇతరమైనవి", అలా "కానీ". ఒకసారి మా దగ్గరున్న పెద్దాయన కూతురు వెళ్లిపోతుంటే "మళ్లీ ఎప్పుడు వస్తారు" అని అడగబోయి పొతే అన్నాను. ఆవిడ ముఖం మారిపోయింది, మా నాన్న నీతో ఏమన్నాడు అని అడిగింది. విషయం తెలిశాక నా చెయ్యి పట్టుకుని మూడుసార్లు "పోతె" అనిపించింది. అప్పటినుంచి నోటుపుస్తకంలో ప్రతి గ్రీకు మాటా తెలుగు లిపిలో, నొక్కిన అచ్చుకు దీర్ఘం పెట్టి రాసుకోవడం మొదలుపెట్టాను. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడా కనబడదు, తెలుగులో రాస్తే కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మీరు మొదటిరోజు నుంచే అలా రాయండి.

వ్యాకరణం దగ్గర చాలామంది ఆగిపోతారు. నామవాచకానికి నాలుగు విభక్తులు, మూడు లింగాలు అనగానే ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్లకు గుండె జారిపోతుంది. మనకెందుకు టెన్షన్? ఇల్లు, ఇంటి, ఇంట్లో అని, నీరు, నీటి, నీటిలో అని చిన్నప్పటినుంచీ మాట రూపం మార్చుతూనే ఉన్నాం. సంబోధన చూడండి. కృష్ణుడు అనే పేరును పిలిచేటప్పుడు డు తీసేసి "కృష్ణా" అంటాం. గ్రీకులో మగవాళ్ల పేర్ల చివరి స్ పిలిచేటప్పుడు పోతుంది. యోర్ఘొస్ ఇంట్లో ఉన్నాడు, కానీ ఎదురుపడితే "యోర్ఘొ!" యానిస్ వచ్చాడు, కానీ "యాని, రా!" దీన్ని మా టీచరు ఇంగ్లీషులో పావుగంట వివరించినా నాకు ఎక్కలేదు, ఇంటికొచ్చి ఎక్కాల పుస్తకం వెనక చదువుకున్న "సంబోధన ప్రథమా విభక్తి" గుర్తొచ్చాక ఒక్క నిమిషంలో అర్థమైంది.

క్రియలోనే ఎవరన్నది ఉంటుంది. గ్రాఫొ అంటే "రాస్తాను", గ్రాఫిస్ "రాస్తావు". "నేను" అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు, మనలాగే. నువ్వు, మీరు తేడా కూడా మనదే, ఎసీ అంటే నువ్వు, ఎసీస్ అంటే మీరు. పెద్దవాళ్లతో మీరు అనే మాట్లాడండి, పేరు ముందు కిరీయ పెట్టి "కిరీయ మరీయ" అంటే సరిగ్గా "మరియాగారు". కొన్నాళ్లకు ఆవిడే నన్ను నువ్వనే పిలువమ్మా అంటే అప్పుడు మారండి.

లింగాలు మాత్రం నిజంగానే కష్టం. గోడ పుంలింగం, కుర్చీ స్త్రీలింగం, బల్ల నపుంసకం. కారణం అడగకూడదు, మాటతో పాటు ముందుండే ఓ, ఇ, తో అనే చిన్న ముక్కను కలిపే గుర్తుపెట్టుకోవాలి. కుర్చీని "కరేక్ల" అని కాదు, "ఇ కరేక్ల" అని రాసుకోండి. అమ్మాయిని చెప్పే మాట కొరీౘి నపుంసకలింగం. అది విని క్లాసులో అందరూ నొచ్చుకున్నారు, నాకు వింతగా అనిపించలేదు. "బండి వచ్చింది", "అమ్మాయి వచ్చింది" అని మనమూ ఒకే క్రియ వాడుతున్నాం కదా.

మూడో ఏట నేను గట్టిగా ఆగిపోయిన చోటు క్రియల జంటలు. ప్రతి క్రియకూ రెండు మొదళ్లుంటాయి, ఒకటి జరుగుతూ ఉండేదానికి, రెండోది ఒక్కసారి జరిగి అయిపోయేదానికి. థా గ్రాఫొ అంటే "రాస్తూ ఉంటాను", థా గ్రాప్సొ అంటే "రాస్తాను, రాసేస్తాను". పనిలో నాకు రోజూ వచ్చే ఉదాహరణ చెబుతాను. "నా పీనెతె నెరో" అంటే రోజూ నీళ్లు తాగుతూ ఉండండి, "నా ప్యీతె నెరో" అంటే ఇప్పుడు కాసిన్ని తాగండి. ఇంగ్లీషు మీదుగా వెళితే రెండూ ఒకటే అవుతాయి, తెలుగులో తేడా వెంటనే తెలుస్తుంది. కొన్ని జంటలకు పోలికే ఉండదు, చూడటానికి వ్లేపొ ఒక మొదలు, దో రెండోది. తినడానికి త్రోఒ, ఫాఒ. మనకు "వస్తాను", "రావాలి" అన్నవి ఒకే క్రియ అని బయటివాళ్లకు చెబితే వాళ్లకెలా ఉంటుందో ఇదీ అంతే. రెండు రూపాలూ జంటగానే కంఠస్థం చేయండి, ఒక్కటే నేర్చుకుని రెండోది తర్వాత చూద్దాం అనుకుంటే నాలా ఏడాది వెనకబడతారు.

కొన్ని మాటలు ఉచితంగా దొరుకుతాయి. ఊరి మధ్యభాగాన్ని కేంద్రొ అంటారు. మన "కేంద్రం" గ్రీకు నుంచి జ్యోతిషం ద్వారా సంస్కృతంలోకి వచ్చిందే, "హోర" కూడా అంతే, ఇప్పటికీ వాళ్లు సమయాన్ని ఓర అంటారు. అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటు వెళ్లినవీ ఉన్నాయి. పిపేరి అంటే మిరియాలు, దాని మూలం మన పిప్పలి. జాహరి అంటే పంచదార, దాని మూలం శర్కర, మన చక్కెరకు అక్కచెల్లెలు. టర్కీ భాష ద్వారా గ్రీకులోకి చేరినవి ఇంకొన్ని, హల్వాస్, జేబుకు ౘేపి, పుచ్చకాయకు కర్పూజి. మీ పక్కింటావిడ వంటింట్లో నిలబడి ఈ డబ్బాలు ఒక్కొక్కటి చూపించి పేరు అడగండి, ఒక మధ్యాహ్నానికి సరిపోయే పాఠం అది.

క్లాసు సంగతికి వస్తాను. మీ అనుమానం నిజమే, సగంమందికి పైగా గ్రీకు మూలాలవాళ్లు ఉంటారు. మిగిలినవాళ్లు గ్రీకు ఇళ్లలో కోడళ్లు, అల్లుళ్లు, దీవులు చూడటానికి వెళ్లాలనుకునే రిటైరైనవాళ్లు. గ్రీకు మూలాలవాళ్లకు వినడం వచ్చు, తిండి పేర్లు, తిట్లు, లాలిపాటలు అన్నీ వచ్చు, రాయడం రాదు. క్లాసు వాళ్ల వేగానికి పరుగెడుతుంది. నేను మొదట చేరిన చోట అదే జరిగింది. టీచరు వాళ్లతో గ్రీకులో కబుర్లు చెప్పి, మిగిలిన మాకు ఇంగ్లీషులో వ్యాకరణం పట్టికల జెరాక్స్ కాగితాలు ఇచ్చేది, పది వారాల్లో నేను నోరు తెరిచింది నాలుగైదు సార్లే. టర్ము అయ్యాక అక్కడ మానేసి ఇంకో చోట చేరాను. కాబట్టి ఫీజు కట్టేముందు ఒక్క క్లాసులో కూర్చుని చూస్తానని అడగండి. రెండు గంటల్లో ఒక్కొక్కరూ ఎన్నిసార్లు మాట్లాడుతున్నారో లెక్కపెట్టండి. పదిహేనుమంది దాటినా, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించకపోయినా వేరే చోటు చూసుకోండి.

గ్రీకు మూలాలవాళ్లను చూసి వెనక్కి తగ్గకండి, వాళ్లలో ఒకరిని జంటగా పట్టుకోండి. నాకు దొరికిన ఆయనకు యాభై దాటాయి. పదేళ్లప్పుడు శనివారం గ్రీకు బడికి వెళ్లనని ఏడ్చి మానేశాడట. తల్లి పోయాక ఆవిడ దాచుకున్న ఉత్తరాలు దొరికాయి, చదవడం రాదు, వాటికోసం క్లాసుకు వచ్చాడు. ఆయన చెవి, నా వ్యాకరణం కలిపి మూడేళ్లు చదివాం. ఆ ఉత్తరాలు 1960ల నాటివి కాబట్టి అక్షరాల మీద రకరకాల గుర్తులు ఉండేవి. ఆ గుర్తులు 1982లో తీసేసి ఒక్క నొక్కు గుర్తే ఉంచారు. అంతకుముందు 1976 దాకా ప్రభుత్వానికి, చదువులకు ఒక గ్రాంథిక గ్రీకు, ఇంట్లో మాట్లాడటానికి వాడుక గ్రీకు, రెండుండేవి. గిడుగు రామమూర్తి గారి కథ తెలిసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మీరు నేర్చుకునేది వాడుక భాషే. చర్చిలో వినిపించేది మాత్రం చాలా పాతది, అక్కడికి వెళ్లి అర్థం కాలేదని దిగులుపడకండి, వాళ్ల పిల్లలకూ అర్థం కాదు.

పుస్తకం గ్రీకు, మెల్‌బోర్న్ గ్రీకు ఒకటి కావు. గ్రీసుకు, ఆస్ట్రేలియాకు వలస ఒప్పందం 1952లో జరిగింది, ఇప్పుడు ఎనభైల్లో ఉన్నవాళ్లు చాలామంది ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఓడల మీద వచ్చినవాళ్లు. యుద్ధం, అంతర్యుద్ధం మధ్య పెరిగి ఎక్కువ చదువుకోలేకపోయారు, వాళ్లది పల్లె గ్రీకు, అందులో ఇక్కడి ఇంగ్లీషు కలిసింది. మనం "కారు" అని ఉ చేర్చినట్టు వాళ్లు కారొ అంటారు, అంగడి మర్కేత, కంచె ఫేన్సి. క్లాసులో కారుకు అఫ్తొకీనితొ అని నేర్పుతారు. రెండూ నేర్చుకోండి, ఆవిడ దగ్గర కారొ అనే అనండి. పొరపాటున కూడా ఆవిడ మాట దిద్దకండి, అది వాళ్ల అరవై ఏళ్ల జీవితం.

ఇంకొన్ని చిన్న సంగతులు. "నె" అంటే అవును. మన చెవికి అది కాదన్నట్టు, హిందీ నై లాగా వినబడుతుంది, మాత్రలు వేసేటప్పుడు నేను ప్రత్యేకంగా జాగ్రత్తపడేదాన్ని. కాదు అంటే ఓహి, లేదా తల పైకెత్తి నాలుకతో "త్స్" అంటారు. మనం తల అటూ ఇటూ ఊపి సరే అంటాం కదా, అది వాళ్లకు అర్థం కాదు, నోటితో చెప్పండి. ఒంట్లో బాగోకపోతే పెరస్తికా అంటారు, గండం గడిచిపోవాలని. కొత్త బట్ట కట్టుకుంటే, జుట్టు కత్తిరించుకుంటే మె యా. ఒకటో తారీఖున కలో మీన. వెళ్లేవాళ్లకు స్తొ కలో, మన "క్షేమంగా వెళ్లి రండి" లాంటిది. పుట్టినరోజు కంటే పెద్దవాళ్లకు పేరు పండుగ ముఖ్యం. మరియా పేరువాళ్లకు ఆగస్టు 15, దిమీత్రిస్‌కు అక్టోబరు 26, నీకొస్‌కు డిసెంబరు 6, కోస్తస్‌కు, ఎలేనికి మే 21. ఆ రోజు గుమ్మం దగ్గరికి వెళ్లి "హ్రోన్య పొలా" అనండి, ఆయుష్షు కలగాలని దీవెన. మా దగ్గర ఒకాయన రెండేళ్లు నాతో ముక్తసరిగా ఉండి, అక్టోబరు 26న ఈ ఒక్కమాట విన్న తర్వాత తన ఊరి గురించి మొదటిసారి చెప్పాడు.

పరీక్షలు అవసరమా అని మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. థెస్సలొనీకిలోని గ్రీకు భాషా కేంద్రం మే నెలలో స్థాయి పరీక్షలు పెడుతుంది, మీ టీచరును అడిగితే వివరాలు చెబుతారు. మీకు అక్కర్లేదు, గడువు ఉంటేనే చదివే స్వభావమైతే ఏ2 రాయండి.

చివరిగా ఆవిడ మతిమరుపు గురించి, నా పని అదే కాబట్టి. వయసొచ్చాక నేర్చుకున్న భాష ముందు జారిపోయి చిన్నప్పటి భాష మిగలడం నేను రోజూ చూస్తున్నాను. 2020లో లాక్‌డౌన్‌లో కుటుంబాలవాళ్లను మా కేంద్రంలోకి రానివ్వలేదు. 89 ఏళ్ల ఆవిడకు ట్యాబ్‌లో మనవరాలిని చూపించేదాన్ని. ఆవిడకు గ్రీకే మిగిలింది, మనవరాలికి గ్రీకు రాదు. వాళ్లిద్దరి మధ్య, మాస్కు పెట్టుకుని, కర్నూలు నుంచి వచ్చిన నేను మాటలు అటూ ఇటూ అందించాను. నా వ్యాకరణం తప్పులతోనే ఉంది, ఐనా ఆవిడ నవ్వింది, ఆ అమ్మాయి ఏడ్చింది. కాబట్టి పూర్తిగా వచ్చాక మాట్లాడదాం అని ఆగకండి, మీ చేతిలో ఎంత సమయం ఉందో ఆవిడ జబ్బే చెబుతుంది.

ఆవిడతో ఉన్నప్పుడు పరీక్ష పెట్టినట్టు ప్రశ్నలు అడగకండి. "నిన్న ఏం తిన్నారు" అంటే గుర్తురాక బాధపడతారు. చిన్నప్పటి ఊరు, పెళ్లి, ఓడ ప్రయాణం అడగండి, అవి ఉంటాయి. ఒకే కథ పదిసార్లు చెబుతారు, భాష నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచిది లేదు, మొదటిసారి మూడు మాటలు అర్థమైతే పదోసారికి కథంతా అర్థమవుతుంది. ఆవిడ అలసిపోతే వెంటనే ఆపేయండి. పెద్దాయనకు కూడా చెప్పండి మీరు క్లాసుకు వెళ్తున్నారని, ఆయనకు ఇప్పుడు ఇంట్లో మాట్లాడే తోడు తగ్గిపోతోంది.

బుధవారం దాకా ఆగక్కర్లేదు. రేపు ఉదయం కంచె దగ్గర ఆవిడ కనిపిస్తే "కలిమేర, కిరీయ" అని ఆవిడ పేరు కలిపి, "తి కానెతె?" అనండి, ఎలా ఉన్నారని. జవాబు అర్థం కాకపోయినా నిలబడి వినండి. వాళ్లది ఏ ఊరో, ఆవిడ పేరేమిటో ఇక్కడ రాస్తే, పేరు పండుగ ఎప్పుడో, ఆ ప్రాంతం యాసలో ఏం గమనించాలో నాకు తెలిసినంత చెబుతాను.